చెవి కుట్టని తుపాకి

డబ్బా విప్పితే పదకొండు ముక్కలు,
పొట్లంల మరలు, ఒక చెకుముకి రాయి,
ఏ దేశపుదో తెలువని భాషల ఒక కాయిదం.
సినిమావాళ్లకు సామాన్లు కిరాయికిచ్చే సేటు
ఎవలు తీస్కపోతలేరని అగ్గువకిచ్చిండు.
గొట్టానికి చెవి లేదు.
రంజకం అంటుకున్నా నిప్పు లోపలికి పోదు.
"షోకేసుల ఉండేదానికి చెవెందుకు చారీ" అన్నడు.

కల్వకుర్తిల ఇప్పుడు దర్వాజలు ఎవలు చేపిచ్చుకుంటున్నరు?
ఫైబర్ తలుపులు ఆటోలల్ల దిగుతున్నయి.
బాడిశె మర్చిపోకముందే చేతులకు
ఏదన్న పని చూపియ్యాలె గద,
అంతే, అని మణెమ్మకు చెప్పిన.

అంతే కాదు.

సందుగల అడుగున ఒక రసీదున్నది,
తాత పేరు మీద, ఉర్దూల.
మడతల కాడ అక్షరాలు రాలిపోయినయి.
లేతు మిషిను మహమూద్ వాళ్ల నాయిన
కండ్లద్దాలు నెత్తి మీదికి నూకి
ముక్కు ఆనిచ్చి చదివిండు:
భరమార్ ఒకటి. గొట్టం రెండు మూరల జానెడు.
కుందా టూటా హువా.
"మెడ కాడ విరిగిందట బేటా,
రాగి తీగ చుట్టి ఉన్నదట."
కింద అమీను సంతకం.

అడివిపందుల మీద తప్ప పేలనిదాన్ని
పోలీసు యాక్షన్ అయిన ఏడాది ఠాణాల అప్పజెప్పి,
దుందుభి ఇసుకల పడి
ఉత్త చేతులతోటి నడిచొచ్చిండట తాత.
తీగ చుట్టింది ఆ చేతులే.

గొట్టానికి దీపం మసి పూస్త.
కర్రల పండవెట్టి, మెల్లగ లేపి చూస్త.
నల్లగ అంటిన కాడ ఎత్తున్నట్టు.
అక్కడనే, గోరంత, ఉలి.
మల్ల మసి. మల్ల పండవెట్టుడు.
నాలుగు రాత్రులు గిదే.
మసి అయిపోతే కాటుక డబ్బా తీసిన.
"దానికి గూడ దిష్టి తగుల్తదా?" అని మణెమ్మ.

కర్ర ఏ చెట్టుదో తెలువలే.
వాసన చూసిన, నాలిక మీద పెట్టిన.
టేకు కాదు, వేప కాదు, నల్లమద్ది కాదు.
నలభై ఏండ్లు రంద పట్టినోన్ని
ఒక చెట్టును పేరు పెట్టి పిలువలేకపోయిన.

ఇనుముకు ఉప్పునీళ్లు తుడిచి మంచుల పెట్టిన.
జన్మంత తరిమిన తుప్పును
రా, కూసో, అని పిలిచినట్టు.
వచ్చింది. గోనెపట్టతోటి రుద్దితే
కాల్చిన చింతగింజ రంగు.

కర్రకు కుసుమ నూనె,
అరచెయ్యి కాలేదాంక.

రాయిని పట్టుకునేదాన్ని గుర్రం అంటరు.
కరెంటు పోయిన రాత్రి, గుర్రం దవడల రాయి బిగిచ్చి
ఒక్కసారి గుంజిన.
నిప్పురవ్వలు ఇంత, పిడికెడు,
మణెమ్మ మొఖం కనిపిచ్చి మాయమైంది.
పక్కింటి పోరి శ్రీనిధి చీకట్ల అడిగింది:
"తాతా, ఇది దేన్ని కొడతది?"
"దేన్ని కొట్టదు."
"మరెందుకు చేసినవ్?"
"రసీదున్నది బిడ్డా."

మహమూద్ డ్రిల్లు పట్టుకొని వచ్చిండు.
"ఒక్క నిమిషం చాచా, చిన్న పోరికి చెవి కుట్టినట్టే."
చాయ తాగిచ్చి పంపిచ్చిన.
ఒక్కటన్న చెవిటిది ఉండనీ ఇంట్ల.

అన్నీ కలిసినయి. రెండు మూరల జానెడు,
నూలుపోగు తేడా లేదు.
ఒక్కటే కలువలే.
రసీదుల ఉన్నట్టు ఉండాలంటే మెడ విరగాలె.

నిన్న రాత్రి
విరగని మెడకు రాగి తీగ చుట్టిన, ఏడు చుట్లు.
చూసిన శానాసేపు.
ఇప్పిన.

నూనె ఇంక పచ్చిగనే ఉండె,
పొద్దున చూస్తే ఏడు గీతలు.
ఉప్పుకాయిదం చేతిలకు తీస్కున్న.
మల్ల జేబుల పెట్టిన.